గ్రూపు బరువు నీ ఒక్కదానిదే కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. చర్చా గ్రూపు చప్పబడిపోయిందనీ, రోజూ నువ్వే కొత్త అంశం ఎత్తుకుంటున్నా ఎవరూ ఉలకడం లేదు, పలకడం లేదనీ వాపోయావు. ముందు ఆ రోజువారీ పోస్టులు ఆపేయి. అన్నీ నువ్వే చేస్తున్నంత కాలం మిగతావాళ్లు నిశ్చింతగా చూస్తూ కూర్చుంటారు.

అలాగని అందరూ రాయాలనీ ఆశించకు. ఇలాంటి చోట్ల దాదాపు 90 శాతం మంది చదివి ఊరుకుంటారనీ, 9 శాతం అప్పుడప్పుడు రాస్తారనీ, ఎక్కువ భాగం రాసేది మిగిలిన ఒక్క శాతమేననీ వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లోనే రాశాడు. నీ గ్రూపులో లెక్క కాస్త అటూ ఇటూ కావచ్చు. చదివి ఊరుకునేవాళ్లను నిద్ర లేపే పని పెట్టుకోకు. అప్పుడప్పుడు రాసేవాళ్లలోంచి ముగ్గురిని పట్టుకో, చాలు.

ఎలా పట్టుకోవాలంటావా? "ఎవరైనా ముందుకు రండి" అని గ్రూపులో ప్రకటిస్తే ఎవరూ రారు. పదిమందిలో పాము చావదు. ఒక్కరికే విడిగా రాయి: "పోయిన వారం అనువాదాల మీద మీ జవాబు బాగుంది. వచ్చే నెలంతా కొత్తగా చేరినవాళ్లను పలకరించే పని మీరు చూస్తారా?" ఇందులో "నెల" అన్న గడువు అన్నిటికంటే ముఖ్యం. పనికి భయపడి కాదు, ఒకసారి ఒప్పుకుంటే ఇక వదిలించుకోలేమని జనం వెనకాడతారు. నెల కాగానే నువ్వే అడిగి విడిచిపెట్టు. చాలామంది ఉండిపోతారు.

కొత్తవాళ్ల మొదటి ప్రశ్నకు ఒక రోజులోపు ఎవరో ఒకరు బదులివ్వాలి. జవాబు తెలియకపోతే ఆ మాటే రాసి, తెలిసినవారిని పేరుపెట్టి పిలవాలి. "ఇది ఎప్పుడో చర్చించాం, వెతుక్కోండి" అన్న మాట ఎవరి నోటా రానివ్వకు. ఆ పాత చర్చ లింకు ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? జవాబు రాయకుండా బొటనవేలు ఎత్తిన బొమ్మతో సరిపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది కానీ, అది నా చాదస్తం అనుకో.

తగాదాలు వస్తాయి. తీర్పు మాత్రం ఒక్కరే చెప్పకూడదు. ఇద్దరు అడ్మిన్లు మాట్లాడుకుని, పోస్టు తీసేస్తే ఎందుకు తీశారో దాన్ని రాసినవారికి విడిగా చెప్పండి.

ఇక తాళాల సంగతి. అడ్మిన్ హక్కులు కనీసం ముగ్గురికి ఉండాలి. నీకు జ్వరం వస్తే గ్రూపు కూడా మంచాన పడకూడదు కదా. పాత చర్చల నకలు దాచే పని ఇంకొకరికి అప్పగించు. ఇలాంటి చర్చా గ్రూపులెన్నిటికో నెలవైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. పాత సందేశాలను అంతకు ముందే సైటు నుంచి తొలగించారు. నకళ్లు తీసి పెట్టుకోని బృందాలకు ఏళ్ల తరబడి సాగిన మాటలు దక్కకుండా పోయాయి.

ఆ ముగ్గురూ ఎవరో నీకు ఈపాటికే తట్టి ఉంటుంది. ఇవాళే రాయి. ఒకరు కాదంటే నొచ్చుకోకుండా నాలుగో మనిషిని అడుగు.