టెక్ సందేహాలు: చవక సెన్సర్ పెడితే బిల్డింగ్ ప్రమాదం ముందే తెలుస్తుందా?

సందేహం: మాది ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్. పక్క ప్లాటులో సెల్లార్ కోసం లోతుగా తవ్వుతున్నారు, మా మెట్ల దగ్గర గోడకు పగుళ్లొచ్చాయి. కదలికల్ని కొలిచే ఎంపీయూ 6050 సెన్సర్‌ని ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపి టెర్రస్ మీద పెడితే ప్రమాదం ముందే తెలుస్తుందా?

జవాబు: సెన్సర్ కొరియర్‌లో వచ్చేదాకా ఆగకండి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని ఈరోజే పిలిపించండి. పక్కన తవ్వకం జరిగినప్పుడు పెద్ద భయం పునాది కింద మట్టి జారి బిల్డింగ్ ఓ పక్కకి కుంగడం. అది నెమ్మదిగా జరిగే పని, వైబ్రేషన్ రీడింగుల్లో దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. ఈలోగా పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్కని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి పక్కన తేదీ రాయండి. గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం, వెంటనే ఇంజినీర్‌కి చెప్పండి.

ఇక సెన్సర్ సంగతి. ప్రతి బిల్డింగూ గాలికో, రోడ్డు మీద లారీలకో తనదైన లయలో సన్నగా ఊగుతూనే ఉంటుంది. ఐదంతస్తులకి అది సుమారుగా సెకనుకి 2 సార్లు, అంటే 2 హెర్ట్జ్. కాలమ్స్ దెబ్బతిని గట్టిదనం తగ్గితే ఊగే వేగమూ, అంటే ఫ్రీక్వెన్సీ, తగ్గుతుంది, కానీ వర్గమూలం లెక్కన తగ్గుతుంది కాబట్టి గట్టిదనం 10 శాతం పోయినా ఫ్రీక్వెన్సీ 5 శాతమే పడిపోతుంది, 2 కాస్తా 1.9 అవుతుంది. ఇంత చిన్న తేడా నమ్మకంగా కనిపించాలంటే ఒక్కో రికార్డింగ్ కనీసం 10 నిమిషాలుండాలి. ఎంపీయూ 6050తో చిక్కేమిటంటే దాని సొంత నాయిస్సే (కదలిక లేకున్నా సెన్సర్‌లోనే పుట్టే గజిబిజి రీడింగులు) ఎక్కువ, మామూలు రోజుల్లో బిల్డింగ్ ఊగే ఊపు అందులో మునిగిపోతుంది. ఏడీఎక్స్‌ఎల్ 355 అనే సెన్సర్ ఖరీదెక్కువే గానీ నాయిస్ పది రెట్లకు పైగా తక్కువ, కొంటే అదే కొనండి. డబుల్ టేపుతో అంటించకుండా స్లాబుకి స్క్రూలతో బిగించండి, రీడింగ్‌తో పాటు ఉష్ణోగ్రత కూడా నమోదు చేయండి.

ఉష్ణోగ్రత ఎందుకంటే, స్విట్జర్లాండ్‌లో జెడ్24 అనే వంతెనని 1998లో కూల్చేముందు దాదాపు ఏడాదిపాటు సెన్సర్లతో గమనించారు. ఏ నష్టమూ లేకుండానే, వాతావరణం వల్లే దాని ఫ్రీక్వెన్సీలు 14 నుంచి 18 శాతం అటూ ఇటూ అయ్యాయి, చలికి తారు గడ్డకట్టి వంతెన మరింత బిగుసుకుంది మరి. ఆ తర్వాత పరీక్ష కోసం వంతెన స్తంభాన్ని (పియర్‌ని) కావాలనే కిందికి దించితే వచ్చిన మార్పు అంతకన్నా తక్కువ! కాలిఫోర్నియాలో కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్ల తొమ్మిదంతస్తుల మిల్లికన్ లైబ్రరీ (ఇప్పుడు కాల్‌టెక్ హాల్) కూడా అంతే, వాన పడినా దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది. అందుకే కొన్ని నెలల పాత రీడింగులు చేతిలో లేకుండా ఈరోజు వచ్చిన ఒక్క అంకె చూసి టెన్షన్ పడటంలోనూ, హమ్మయ్య అనుకోవడంలోనూ అర్థం లేదు.

సందేహం: దీనికి ఫోన్ సరిపోదా?

జవాబు: నేర్చుకోవడానికి భేషుగ్గా సరిపోతుంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితమే, అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊపు ఉందో చూపే గ్రాఫు) తెరిచి ఫోన్‌ని నీళ్ల మోటార్ దిమ్మె మీద పెట్టి చూడండి, మోటార్ వైబ్రేషన్ గ్రాఫులో శిఖరంలా కనిపిస్తుంది. పగుళ్లొచ్చిన బిల్డింగ్ సేఫా కాదా అన్న నిర్ణయం మాత్రం దాన్ని నమ్మి తీసుకోకండి.