డోపమైన్‌ను రక్తపరీక్షలో కొలవవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తున్నాయని, ఇరుగుపొరుగు కుట్ర చేస్తున్నారని అనేవాడు. స్కిజోఫ్రీనియా అని రిస్పెరిడోన్ ఇచ్చారు. ఇప్పుడు మాటలు వినిపించడం తగ్గింది గానీ దేనిమీదా ఆసక్తి లేదు. మెదడులో రసాయనాల తేడా అంటున్నారు. రక్తపరీక్షలో తెలుస్తుందా? నా పెంపకంలో లోపమా? మందులు ఆపవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇది మీ పెంపకం వల్ల వచ్చిన జబ్బు కాదు. తల్లులపై నెపం మోపిన పాత సిద్ధాంతాలు ఆధారాలు లేక ఎప్పుడో వీగిపోయాయి.

రసాయనాల మాటకు మాత్రం గట్టి ఆధారాలే ఉన్నాయి. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు ఈ లక్షణాలను తగ్గిస్తుందని గమనించినప్పుడు, అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. 1963లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ ఎలుకలపై చేసిన ప్రయోగాలు దారి చూపగా, 1970లలో ఒక విషయం స్పష్టమైంది: డోపమైన్ అనేది మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం; దాన్ని అందుకునే డి2 గ్రాహకాలను (కణాలపై ఉండే భాగాలను) ఎంత బలంగా పట్టుకుని అడ్డుకునే మందైతే, అంత తక్కువ మోతాదు సరిపోతుంది. యాంఫెటమైన్లు అనే ఉత్తేజక మందులు డోపమైన్‌ను పెంచుతాయి. వాటికి అలవాటుపడిన కొందరిలో మీ అబ్బాయికి వచ్చినటువంటి అనుమానాలే కనిపిస్తాయి. ఈ జబ్బు ఉన్నవారి మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగంలో డోపమైన్ ఎక్కువగా తయారవుతోందని తర్వాత స్కాన్లలోనూ కనిపించింది.

అయితే డోపమైన్ ఒక్కటే మూలమని నేను చెప్పను. గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనానికి చెందిన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే కెటమిన్ అనే మత్తుమందు ఆరోగ్యవంతుల్లో కూడా భ్రమలతోపాటు కొంతసేపు ఉదాసీనతను తెస్తుంది. మీరు చెప్పిన అనాసక్తికి డోపమైన్‌ను అడ్డుకునే మందులు అంతగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. జన్యువులు, గర్భస్థ దశలో ఇబ్బందులు, గంజాయి వంటివి ఈ వ్యవస్థలను ముందే దెబ్బతీసి ఉంటే, డోపమైన్ పెరగడం వాటి పర్యవసానమని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు.

రక్తంలోని డోపమైన్ మెదడులోకి వెళ్లలేదు కాబట్టి, దాన్ని కొలిచినా మెదడు పరిస్థితి తెలియదు. ఆ పేరుతో అమ్మే పరీక్షలకు డబ్బు పెట్టకండి. థైరాయిడ్, బి12 పరీక్షలు ఇతర కారణాలు లేవని నిర్ధారించుకోవడానికి. షుగర్, కొలెస్ట్రాల్, బరువు, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చూసేది మందుల దుష్ప్రభావాలను పసిగట్టడానికి.

మందులు మీ అంతట మీరు ఆపవద్దు. ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. అనాసక్తి జబ్బులో భాగమా, డిప్రెషనా, మోతాదు ఎక్కువైందా అన్నది మీ సైకియాట్రిస్ట్ తేల్చాలి. చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం ఉంటే తప్పక చెప్పండి. చనిపోవాలని అంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.