పిల్లలు స్కూల్ టీమ్ మానేస్తానంటే

అమెరికాకు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "మా అమ్మాయి హైస్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్ మానేస్తానంటోందండీ. చదువుకూ మంచిదేగా, సరేననమంటారా?"

వెంటనే సరేననకండి. వద్దనీ అనకండి. ముందు కారణం కనుక్కోండి. నేను చూసినంతలో, ఆట మీద ఇష్టం పోయి మానేసేవాళ్లు తక్కువ. రోజూ బడి అయ్యాక రెండు గంటలు ప్రాక్టీస్ చేసి, మ్యాచ్ రోజు చివరిదాకా బెంచీ మీదే కూర్చోవడం పదిహేనేళ్ల పిల్లకు చిన్న కష్టం కాదు. కోచ్ అందరి ముందూ కేకలేసి, ఏం సరిదిద్దుకోవాలో మాత్రం చెప్పకపోతే మనసు విరిగిపోతుంది. మోకాలి నొప్పి సంగతి బయటపెడితే పక్కన పెట్టేస్తారేమోనని దాచుకునేవాళ్లూ ఉంటారు. కొందరు ఆడపిల్లలకు పొట్టి యూనిఫామే ఇబ్బంది. అడిగితే లోపల లెగ్గింగ్స్ వేసుకోనిచ్చే కోచ్‌లు ఉన్నారు, అడగమనండి.

మనుషులను ఏ పనిలోనైనా నిలబెట్టేవి మూడని మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ చెప్పారు: నా ఇష్టంతో చేస్తున్నానన్న భావన, నాకు ఇది చేతనవుతోందన్న నమ్మకం, నావాళ్లు ఉన్నారన్న ధీమా. కొత్త దేశంలో, లంచ్ టేబుల్ దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలో తెలియని పిల్లకు ఆ మూడోది ఎంత అవసరమో ఆలోచించండి. టీమ్ బస్సులో పక్క సీటు ఉంచే స్నేహితురాలు దొరికితే, ఓడిపోతున్న జట్టులోనైనా ఉండిపోతుంది. అందుకే మార్కులు తగ్గాయని శిక్షగా టీమ్ మాన్పించడం నాకు అస్సలు నచ్చదు.

ఆ మూడింటిలో మొదటిదాన్ని, అంటే నా ఇష్టంతో చేస్తున్నానన్న భావనను, దెబ్బతీసేది చాలాసార్లు మనమే. కాలేజీ అప్లికేషన్‌కు పనికొస్తుందని చేర్పిస్తాం, స్కాలర్‌షిప్ వస్తుందని ఆశపడతాం. అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కల్లో చూస్తే హైస్కూల్ ఆటగాళ్లలో కాలేజీ జట్ల దాకా వెళ్లేది నూటికి ఏడుగురు, అటూ ఇటూగా. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలైతే ఆటలకు స్కాలర్‌షిప్‌లే ఇవ్వవు. కాబట్టి మ్యాచ్ అయ్యాక కారెక్కగానే "ఆ షాట్ ఎందుకు మిస్సయ్యావు?" అని మొదలుపెట్టకండి. తనంతట తను మాట్లాడేదాకా ఆగండి.

గాయమో, వేధింపో కారణమైతే ఆ రోజే ఆపించి, స్కూల్లో ఆటల వ్యవహారాలు చూసే అథ్లెటిక్ డైరెక్టర్‌తో మాట్లాడండి. వేరే కారణాలైతే సీజన్ పూర్తిచేయమనండి, సుమారు మూడు నెలలేగా. ఆడే అవకాశం గురించి కోచ్‌ను మీరు నిలదీయకండి. "నేను ఏం మెరుగుపరచుకోవాలి?" అని పిల్లనే అడగనివ్వండి, అదీ మ్యాచ్ అయిన వెంటనే వద్దు, మర్నాడు.

అప్పటికీ మానేస్తానంటే మానేయనివ్వండి. క్రాస్ కంట్రీ (ఆరుబయట దూరపు పరుగు), ట్రాక్ (మైదానంలో పరుగు పందేలు) లాంటివాటిలో చాలా స్కూళ్లు ట్రైఅవుట్స్ (ఎంపిక పరీక్షలు) పెట్టి ఎవరినీ తీసేయవు. వచ్చే సీజన్‌కు ఏది కావాలో తననే ఎంచుకోమనండి.