ఒకే మ్యాచ్‌లో రెండు 147లు కొట్టిన జాక్సన్ పేజ్ క్వాలిఫయింగ్ ఎందుకు ఆడాల్సి వచ్చింది?

అడిగింది ఇది: 2025 ఏప్రిల్‌లో ఒకే స్నూకర్ మ్యాచ్‌లో రెండు 147లు (టేబుల్ వదలకుండా ఒకే దఫాలో చేసే గరిష్ఠ స్కోరు) కొట్టిన వేల్స్ కుర్రాడు జాక్సన్ పేజ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నేరుగా ఎందుకు లేడు, ఆ దెబ్బతో ర్యాంకు ఎంత పెరిగింది అని.

ఆ రెండు 147ల వల్ల ర్యాంకు ఒక్క మెట్టు కూడా పెరగదు. స్నూకర్‌లో ర్యాంకింగ్ పాయింట్లంటే ప్రైజ్‌మనీయే, పౌండుకో పాయింటు. అందులోనూ ఏ రౌండు దాకా వెళ్ళాడో దానికి ఇచ్చే డబ్బే లెక్కకొస్తుంది. పెద్ద బ్రేక్‌కి, అంటే ఒకే దఫాలో చేసిన ఎక్కువ స్కోరుకి, ఇచ్చే బహుమతి జేబులోకి వెళ్తుంది గానీ పట్టికలోకి రాదు. ఆ సీజన్లో యూకే ఛాంపియన్‌షిప్, మాస్టర్స్, సౌదీ అరేబియా మాస్టర్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ నాలుగింటిలో కలిపి రెండు 147లు చేసినవాళ్ళకి 1,47,000 పౌండ్ల బోనస్ పెట్టారు. పేజ్ ఆ రెండూ షెఫీల్డ్ క్వాలిఫయింగ్‌లో ఆలన్ టేలర్ మీద 10-2తో గెలిచిన ఒక్క మ్యాచ్‌లోనే చేశాడు. ప్రొఫెషనల్ ఆటలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. 15 ఎరుపులు, ప్రతిదాని తర్వాతా నలుపే: 120. ఆపైన ఆరు రంగులు: 27. మధ్యలో ఒక్కసారి నలుపు దొరక్క పింక్ వేసినా 146 దగ్గర ఆగిపోతుంది. ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు అలా తెల్లబంతిని అదుపులో పెట్టడం ఎంత కష్టమో టేబుల్ దగ్గర నిలబడ్డవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్ ప్రధాన పోటీ జరిగే క్రూసిబుల్ థియేటర్‌కి నేరుగా వెళ్ళేది 16 మంది సీడ్లే (ర్యాంకును బట్టి ముందు వరసలో పెట్టినవాళ్ళు). పేజ్ ఆ 16లో లేడు. మిగతా 16 చోట్లకి క్వాలిఫయింగ్ నాలుగు రౌండ్లు, ప్రతి మ్యాచ్ 19 ఫ్రేముల్లో (ఒక్కో ఫ్రేము ఒక్కో ఆట) ఎక్కువ గెలిచినవాడిది. 17 నుంచి 48 దాకా సీడ్లు మూడో రౌండులో దిగుతారు, అంటే వాళ్ళు రెండు గెలిస్తే చాలు. సీడింగ్‌లో 80 దాటినవాళ్ళు నాలుగూ గెలవాలి.

పేజ్ వేల్స్‌లోని ఎబ్బు వేల్‌వాడు, 2001లో పుట్టాడు. 15 ఏళ్ళకే 2017 వెల్ష్ ఓపెన్‌లో అమెచ్యూర్‌గా ఆడి రెండు మ్యాచ్‌లు గెలిచాడు, ఆఖరి 32లో జడ్ ట్రంప్ చేతిలో ఓడాడు. 2019లో యూరోపియన్ అండర్-21 టైటిల్ గెలిచి రెండేళ్ళ టూర్ కార్డు (ప్రొఫెషనల్ టోర్నీల్లో ఆడే అర్హత) తెచ్చుకున్నాడు. కుర్రాళ్ళు ఇబ్బంది పడేది ఇక్కడే. కొత్తవాడి లెక్క సున్నా దగ్గర మొదలవుతుంది, పాతవాళ్ళ ఖాతాలో మాత్రం అప్పటికే రెండేళ్ళ డబ్బుంటుంది. చాలా టోర్నీల్లో మొదటి రౌండు ఓడితే పైసా రాదు, ప్రయాణం, హోటల్ ఖర్చులు సొంతం. ఏడు ఫ్రేముల మ్యాచ్‌లో రెండు తప్పులు జరిగితే ఆ వారం వృథా. కార్డు గడువు ముగిసేసరికి తొలి 64లో లేకపోతే చాలామందికి మిగిలే దారి క్యూ స్కూల్, అంటే కార్డు కోసం మళ్ళీ పోటీపడే అర్హత టోర్నీ.

అందుకే 2022 క్రూసిబుల్ అతనికి అంత ముఖ్యం. తొలిసారే బారీ హాకిన్స్‌ని 10-7తో ఓడించాడు. తర్వాతి రౌండులో ఎదురైంది తనకు అండగా నిలిచిన, తన ప్రాంతపువాడే అయిన మార్క్ విలియమ్స్. అక్కడ 13-3తో, మ్యాచ్‌లో ఒక సెషన్ (ఒక విడత ఆట) మిగిలుండగానే ఓడిపోయాడు. నా దృష్టిలో ఆ ఓటమి సిగ్గుపడాల్సింది కాదు. విలియమ్స్ అప్పటికే మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. పైగా ఆఖరి 16కి చేరినందుకు 30,000 పౌండ్లు ర్యాంకింగ్‌లో చేరాయి. కానీ పట్టిక రెండేళ్ళది కాబట్టి 2024లో ఆ 30,000 ఒక్కసారిగా జారిపోయాయి. మంచి ఫలితాన్ని రెండేళ్ళకి మళ్ళీ తేలేకపోతే, బాగా ఆడుతున్నా ర్యాంకు పడిపోతుంది.

అతని దారి గమనించాలంటే మామూలు ర్యాంకింగ్ ఒక్కటే చూడకండి. ఈ సీజన్ డబ్బు మాత్రమే చూపే ఒక ఏడాది జాబితా చూడండి, పక్కనే సీజన్ చివరికి ఏ పాత డబ్బు పోతుందో తీసేసి చూపే అంచనా జాబితా పెట్టుకోండి. తొలి 16కి ఎన్ని పౌండ్ల దూరంలో ఉన్నాడో అక్కడ నేరుగా కనిపిస్తుంది.