ముసలి పెట్టల గుడ్లే పొదగెయ్యి

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

వయసు మళ్లిన పెట్టల్ని ఎలా చూసుకోవాలి, పట్టు ఈకల సిల్కీ కోళ్లలో మంచి పిల్లల్ని ఎలా తీయాలి అని అడిగావు. నాకు ఈ రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి. రెండు మూడు వానాకాలాలు జబ్బు పడకుండా దాటిన పెట్ట గుడ్లే పిల్లల కోసం ఉంచు. అది గుడ్లు తక్కువ పెట్టినా ఫర్వాలేదు. జుట్టూ రంగూ ఆరు నెలలకే తెలిసిపోతాయి. గట్టి పిట్టో కాదో తెలియడానికి ఏళ్లు పడుతుంది.

టీకాల విషయంలో మాత్రం బద్ధకించకు. కోళ్లను చంపే కొక్కెర తెగులు వచ్చాక నయం చేసే మందు లేదు, టీకాయే దిక్కు. పిల్లలకు మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ అనే టీకా సూది వేయించాలి. టీకా మందు ఐసులో పెట్టి తెచ్చుకో, కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యి. చిన్న సీసాలో కూడా వంద డోసులు ఉంటాయి కాబట్టి ఇరుగుపొరుగు కోళ్లకూ అదే రోజు వేయించు. వాటికి తెగులు వస్తే మన గూటికి రావడానికి ఎంతోసేపు పట్టదు.

పెద్ద పెట్టలకు లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్లకని అమ్మే దాణా, మానెయ్యి. అందులో గుడ్డు పెంకు కోసం కాల్షియం బాగా ఎక్కువగా కలుపుతారు. గుడ్లు మానేసిన పెట్టకూ పుంజుకూ అది మూత్రపిండాలు పాడు చేస్తుంది. అన్నిటికీ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్లకిచ్చేది) పెట్టి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంచు, గుడ్లు పెట్టేవి వాటంతట అవే తింటాయి. నూకలు, మొక్కజొన్న సాయంత్రం గుప్పెడు చాలు. మన ఎండలకు కొవ్వు పట్టిన కోడి తట్టుకోలేదు. రాత్రి కూర్చునే కర్ర అడుగున్నర ఎత్తుకు దించు, పైనుంచి దూకితే అరికాళ్లు వాచి పుండు పడతాయి. కాళ్ల పొలుసులు తెల్లగా లేచాయంటే లోపల పురుగు ఉన్నట్టే, వేజ్‌లైన్ దట్టంగా పట్టించు. వారానికోసారి ఒక్కోదాన్ని ఎత్తి రొమ్ము ఎముక తడిమి చూడు. బరువు తగ్గిన సంగతి ఈకల మీదుగా కంటికి కనపడదు.

ఇక సిల్కీలు. వాటి ఈకలకు నీళ్లు జారవు, వానలో తడిస్తే వణికిపోతాయి. కళ్ల మీద పడే జుట్టు కత్తిరించు. నాటు పుంజులతో కలపకు, సిల్కీల నడినెత్తి ఎముక మెత్తన, ఒక్క పోటుకే ప్రాణం పోవచ్చు. నాటు పెట్టతో జత కట్టిస్తే మొదటి తరానికి మామూలు ఈకలే వస్తాయి. నిరాశపడకు, ఆ పిల్లల్ని పెద్దయ్యాక వాటిలో వాటికే జత కట్టిస్తే పుట్టేవాటిలో దాదాపు నాలుగింట ఒకటి పట్టు ఈకలతో వస్తుంది. కానీ అందుకు వేర్వేరు పెట్టల పిల్లల్ని తీసుకో, ఒకే తల్లి బిడ్డల్ని కలపొద్దు. పుంజును మారిస్తే మూడు వారాలు ఆగి గుడ్లు ఏరు, పాత పుంజు వీర్యం పెట్టలో అన్నాళ్లూ నిలుస్తుంది.

ముసలి పెట్టను మాత్రం పొదగనివ్వకు. ఆ 21 రోజులూ అది సరిగా తినదు, చిక్కిపోతుంది. వయసులో ఉన్న సిల్కీ పెట్ట ఎవరి గుడ్లైనా ఇష్టంగా పొదుగుతుంది, దాని కింద పెట్టు. వారం దాటిన గుడ్లు వద్దు. ఏ పెట్టదో ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో రాయి. ఏడో రాత్రి ఫోన్ లైటు పెట్టి చూసి, నరాలు కనపడనివి తీసెయ్యి.

మీ పెద్దమ్మ