పాడితే గర్వం, వేషం కడితే సిగ్గా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పదేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్ళిలో కాపురం. నా భార్యకి 31 ఏళ్ళు. జానపదాలు బాగా పాడుతుంది. ఉగాదికి, సంక్రాంతికి తెలుగు సంఘాల వాళ్ళు పిలుస్తారు, రీల్స్‌తో మంచి పేరు కూడా వచ్చింది. ఏడాదిగా ఒక నాటక బృందంలో చేరి సంగీత నాటకాల్లో వేషాలు వేస్తోంది. రిహార్సల్స్ కోసం స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసింది. ఆ మాట మానేశాకే నాకు చెప్పింది. మాకు అయిదేళ్ళ పాప. సాయంత్రాలు మా అమ్మే చూసుకుంటోంది. ‘వేషాలేసే కోడలు’ అని రోజూ సణుగుతోంది. నాటకంలో ఇంకో అబ్బాయి తన చెయ్యి పట్టుకునే సీను ఫోన్‌లో చూసినప్పటి నుంచి నాకూ మనసు బాగాలేదు. పాట మానమనడం లేదు, నాటకం ఒక్కటే మానమంటున్నాను. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఆమెను ఒప్పించే ఉపాయం నా దగ్గర లేదు. మీ ఉత్తరంలో మూడు నాలుగు బాధలు కలిసిపోయాయి. అన్నిటినీ తెచ్చి నాటకం నెత్తిన పెట్టారు. వాటిని ముందు విడదీద్దాం.

మీకు నిజంగా కోపం రావాల్సిన సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. మీతో ఒక్క మాట అనకుండా ఉద్యోగం మానేయడం తప్పే. బెంగళూరులో అద్దె, స్కూలు ఫీజు, వాయిదాలు ఉన్న ఇంట్లో ఒక జీతం ఆగిపోతే ఆ బరువు ఇద్దరి మీదా పడుతుంది. అది అడిగే హక్కు మీకుంది. గట్టిగానే అడగండి. కానీ ‘నాటకం మానెయ్’ అన్నంత మాత్రాన ఆ ప్రశ్నకి జవాబు రాదు. రేపు ఆమె నాటకం మానేసి, పాటల ప్రోగ్రాములకే ఊళ్ళు తిరిగినా జీతం వెనక్కి రాదు కదా! అప్పుడు దేన్ని మానమంటారు?

ఇక పాట వేరు, వేషం వేరు అన్నారు. మన దగ్గర ఆ రెండూ ఎప్పుడు విడిగా ఉన్నాయి? బుర్రకథ చెప్పే కథకుడు తంబూర మీటుతూ పాడతాడు, అందెలతో అడుగు వేస్తాడు, మరుక్షణం రాజై గద్దిస్తాడు. వీధి భాగవతంలో పాడలేనివాడికి వేషమే ఇవ్వరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల్లో కుటుంబాలకు కుటుంబాలే రంగం మీదికొచ్చాయి, ఆడవాళ్ళతో సహా. మీరున్న ఊళ్ళోనే బి. జయశ్రీగారిని చూడండి. కన్నడ నాటక కంపెనీ నడిపిన గుబ్బి వీరణ్ణ మనవరాలు. జానపద బాణీలు పాడిన గొంతు అదే, నాటకాల్లో నటించిన మనిషీ ఆవిడే, దర్శకురాలూ ఆవిడే. 2010లో రాజ్యసభకి నామినేట్ చేశారు, 2013లో పద్మశ్రీ వచ్చింది. అందరికీ అంత పేరు వస్తుందని కాదు. జానపదం పాడే మనిషి నాటకంలోకి వెళ్ళడం దారి తప్పడం కాదని చెబుతున్నా. అసలు ఆ పాట పెరిగిందే ఆ దారిలో.

మీ అమ్మగారికి ఇది నాకన్నా బాగా తెలుసుండాలి. మీ చిత్తూరు వైపు పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసిరితే, పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు వాటిని ప్రసాదంగా కళ్ళకద్దుకుంటారు. వేషం కట్టినవాడంటే అంత గౌరవం. అయితే ఆవిడ పెరిగిన రోజుల్లో ద్రౌపది వేషం కూడా చాలాచోట్ల మగవాళ్ళే కట్టేవాళ్ళు. డ్రామాల్లో వేసే ఆడవాళ్ళ గురించి ఊళ్ళో ఎలా మాట్లాడేవారో ఆవిడ చెవులారా విని ఉంటుంది. కోడలి గురించి కూడా నలుగురూ అలాగే అంటారేమో అన్నది ఆవిడ భయం. ఆ భయం వాదనతో పోదు. ‘మన భారతంలో వేషగాళ్ళు ఎవరమ్మా?’ అని మీరే ఓ రాత్రి తీరిగ్గా అడగండి. అత్తాకోడళ్ళ మధ్య రాయబారం మాత్రం చేయకండి, రెండు వైపులా తిట్లు తినేది మీరే.

చెయ్యి పట్టుకునే సీను గురించి. మీరు చూసింది ఫోన్‌లో ముక్క. ఒక్క రిహార్సల్‌కి వెళ్ళి ఓ మూల కూర్చోండి. నేల మీద టేపు ముక్కలు అతికించి ఎవరు ఎక్కడ నిలబడాలో గుర్తులు పెట్టి ఉంటాయి. హార్మోనియం వాయించేవాడు శ్రుతి దిగిందని మధ్యలో ఆపేస్తాడు. ఆ చెయ్యి పట్టుకునే ఘట్టాన్నే పదిసార్లు చేయిస్తారు. ‘చెయ్యి కిందకి దించు, ఆమె మొహం మీద లైటు పడట్లేదు’ అని దర్శకుడు అరుస్తాడు. అది చూశాక కూడా మనసు కలుక్కుమంటే దాచుకోకుండా ఆమెతోనే చెప్పండి, అందులో తప్పులేదు. ‘అమ్మ బాధపడుతోంది’ అని అమ్మ చాటున మాత్రం దాక్కోకండి. తర్వాత నాటకం మొత్తం చూడండి. జేపీ నగర్‌లోని రంగశంకర థియేటర్లో అయితే టైముకి తలుపులు వేసేస్తారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళని లోపలికి వదలరు. మారతహళ్ళి నుంచి జేపీ నగర్ అంటే ఆ రోజు ఆఫీసు నుంచి పెందలాడే బయల్దేరాల్సిందే.

డబ్బు మాట ఆమెకి కూడా చదివి వినిపించండి. సంగీత నాటకంతో ఇల్లు గడవడం చాలా అరుదు. నెలల తరబడి రిహార్సల్స్, నాలుగైదు ప్రదర్శనలు, ఖర్చులు పోను చేతికొచ్చేది కొంచెం. పాటల ప్రోగ్రాములు పండగ సీజన్‌లో వరసగా వస్తాయి, తర్వాత నెలలు ఖాళీ. అందుకని పిలిచిన ప్రతి చోటా అడ్వాన్స్ అడగాలి. నిర్వాహకులు 10 శాతం టీడీఎస్ కోస్తే రిటర్న్ వేయాలి, పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోతే అది తిరిగొస్తుంది. పాటలు రికార్డు చేస్తామని ఎవరైనా కాగితం తెస్తే చదవకుండా సంతకం వద్దు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత గాయకులకీ రాయల్టీ హక్కుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ళ వాళ్ళకి, నెలకి 10 వేలు, రెండేళ్ళు. జానపదం, నాటకం రెండూ అందులో ఉన్నాయి. ప్రాజెక్టు రాసి అప్లై చేయాలి. వస్తుందన్న గ్యారంటీ లేదు, వచ్చినా బెంగళూరు అద్దెకి సరిపోదు. కాబట్టి ఏదో ఒక స్కూల్లో సగం పూట పని గానీ, వారాంతపు సంగీతం క్లాసులు గానీ చూసుకోమని మీరు అడగడం న్యాయమే. మళ్ళీ పూర్తి ఉద్యోగంలో చేరితేనే అని పట్టుబడితే మాత్రం నాటకం మానమన్నట్టే అవుతుంది.

ఈ నెలలోనే ఒక ఆదివారం కూర్చుని ఇంటి లెక్క మొత్తం కాగితం మీద పెట్టండి. ఆ పక్కనే ఆమె రిహార్సల్ రోజులు కూడా రాయండి. మీ అమ్మగారిని కూడా పిలవండి. సాయంత్రాలు పాపని చూసుకోవడం ఆవిడకి కుదురుతుందా అని ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. వారంలో రెండు రోజులు మీరు ఏడింటికల్లా ఇంటికి రాగలిగితే ఆ రెండు రోజులు ఆవిడకి సెలవివ్వండి.