కానోపీ మీద తెల్ల పొర

ప్రశ్న: 1/48 స్కేలు స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం మోడల్‌కి కానోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) అతికించాను. మర్నాటికి లోపల తెల్లగా మసకబారింది. లోపల్నుంచి చూస్తే ఫ్రేముల రంగూ తేడాగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఇది సూపర్ గ్లూ పనే. మూసిన కాక్‌పిట్‌లో దాని ఆవిరి బయటికి పోలేక అద్దం మీదే గట్టిపడుతుంది. కానోపీని మెల్లగా ఊడదీసి, 2000 నంబరు వాటర్ పేపర్‌ని తడిపి రుద్ది, పాలిష్ పెట్టండి. ఈసారి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. ఎండితే కనిపించదు, ఎక్కువైతే తడి దూదిపుల్లతో పోతుంది.

రంగుకి వరస ముఖ్యం. అద్దాలకి మాస్కింగ్ టేపు వేసి, ఫ్రేముల బయటివైపే ముందు కాక్‌పిట్ లోపలి రంగైన గ్రే-గ్రీన్, ఎండాక పైన విమానం బయటి కామఫ్లాజ్ రంగు కొట్టండి. లోపల్నుంచి మొదటి పూతే కనబడుతుంది. లోపలివైపు బ్రష్ పెట్టకండి, గీత వంకర పోతుంది.

హుడ్ (కానోపీలో వెనక్కి జరిగే భాగం) తెరిచి పెడతారా? మూసిన భంగిమకిచ్చిన ముక్క మందంగా ఉండి విమానం వీపు మీద ఎత్తుగా కూర్చుంటుంది. కొన్ని కిట్లలో తెరిచి పెట్టడానికి విడి ముక్క ఇస్తారు, చూడండి.